గూడ్సుబండెక్కిన పన్ను

ఆరోజు పొద్దున రైళ్ళు నడవకూడదని ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి తీర్మానించుకున్నారు. ముగ్గురూ అంటే, తీర్మానించింది పళ్ళడాక్టరు భార్య ఒక్కతే. డాక్టరూ, ఆయన మామగారూ కాఫీ కప్పుల్లోకి చూస్తూ తలలూపారు. తలూపడానికేం, ఎవరైనా ఊపుతారు.

"మళ్ళీ చెబుతున్నా, వినండి," అంది ఆవిడ బడికి పట్టుకెళ్ళే సంచీ సర్దుకుంటూ. "పెద్దమేడం గారు వచ్చి కుర్చీలో కూర్చుంటారు. మీరు పన్ను పెడతారు. ఆవిడ నాతోపాటే బడికి వస్తారు. మధ్యాహ్నం బడి యాభై ఏళ్ళ వేడుక. ఆవిడ ఉపన్యాసం ఉంది, ఫోటో ఉంది. ఆ ఫోటో కలకాలం గోడమీద ఉంటుంది. ఆ పన్ను విషయంలో ఆవగింజంత తేడా వచ్చిందా..."

"రాదు," అన్నాడు డాక్టరు.

"వచ్చిందా, సాయంత్రం వడ్రంగి వస్తాడు. మీ రైళ్ళగది ఖాళీ. అక్కడ ఎక్స్‌రే మిషను. ఇది ఆఖరి మాట. ఈ ఇంట్లో ఇవాళ రైలుకూత వినబడకూడదు."

"కూత వెయ్యకుండా నడుపుకోవచ్చా అమ్మాయ్?" అని అడిగారు మామగారు.

"నాన్నా!"

"కోప్పడతావెందుకు తల్లీ? తీర్పు అన్నాక స్పష్టత ఉండాలి."

ఆవిడ గుడ్లురిమి క్లినిక్కులోకి వెళ్ళిపోయింది. వద్దని మాత్రం అనలేదు. మౌనం అర్ధాంగీకారమని, మామగారు ఆ అర్ధానికి మిగతా అర్ధం తానే కలిపేసుకున్నారు. ఆయన రిటైరైన జడ్జి. ఉద్యోగంలో ఎన్ని తీర్పులిచ్చారో గానీ, ఇంట్లో ఆయన గెలిచిన కేసు ఇంతవరకూ ఒక్కటీ లేదు.

న్యాయంగా మాట్లాడుకుంటే ఆవిడ తప్పేమీ లేదు. క్లినిక్కు వెనకాల ఉన్న ఆ గదిని ఎక్స్‌రే కోసమే కట్టించారు. పెళ్ళయిన కొత్తలో డాక్టరు అందులో ఒక బల్లమీద బొమ్మరైలు పెట్టి, "నాలుగు రోజులుంచి తీసేస్తా" అన్నాడు. బండి ఉన్నాక పట్టాలు వద్దా? పట్టాలున్నాక స్టేషను వద్దా? స్టేషనున్నాక ఊరూ, ఊరి వెనక కొండా వద్దా? అలా అలా ఇప్పుడా గదిలో నాలుగు గోడలవెంబడీ నడుమెత్తు బల్లలు, వాటిమీద వేలెడంత పెట్టెలతో తిరిగే ఒక రైల్వే వెలిశాయి. ఎక్స్‌రే కావలసిన పేషెంట్లు బుగ్గ పట్టుకుని రెండు వీధులు దాటి వెళ్ళి తీయించుకొస్తున్నారు.

జడ్జిగారు కూతుర్ని చూసిపోదామని వచ్చి, రైళ్ళను చూసి ఉండిపోయారు. అల్లుడు పట్టాలు వేసేవాడు, ఆయన టైంటేబులు వేసేవారు. బండి ఒక్క నిమిషం ఆలస్యమైతే అల్లుణ్ణి నిలబెట్టి సంజాయిషీ అడిగేవారు. ఆయనది ఒకటే పట్టు: ప్రతిదీ అచ్చం నిజంలా ఉండాలి. కొట్లోంచి నిగనిగలాడుతూ వచ్చిన పెట్టెను చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. "ఎండా వానా ఎరగని బండి కూడా ఒక బండేనా?" అని, సన్నటి కుంచెతో దానికి తుప్పురంగు, మసిరంగు, చక్రాల దగ్గర దుమ్మురంగు పూసి, అది ముప్ఫై నలభై ఏళ్ళు తిరిగిన ముసలిబండిలా అయ్యేదాకా లేచేవారు కాదు. రంగులన్నీ అల్లుడి క్లినిక్కువే. పింగాణీ పళ్ళకి నీడలూ గీతలూ దిద్దే రంగులు చిన్న చిన్న సీసాల్లో వస్తాయి. అంత సన్నగా ఇంకే రంగూ పలకదని ఆయన అభిప్రాయం. కొండను కట్టింది పళ్ళ అచ్చులు తీసే ప్లాస్టరుతో. ఏదైనా అతికించాలంటే పళ్ళ మైనం.

"క్లినిక్కు సామాను ఆ గదిలోకి పోవడమే గానీ రావడం నేను చూళ్ళేదు," అనేది కూతురు. "నిజంలా, నిజంలా అంటూ ప్రాణం తీస్తావు గానీ నాన్నా, ఒక్క నిమిషం ఆలస్యం కాని రైళ్ళు ఎక్కడైనా ఉన్నాయా?" అని కూడా అనేది. ఆ ప్రశ్న వినబడనట్టు జడ్జిగారు కుంచె కడుక్కునేవారు.

ఇంకో సంగతి ముందే చెప్పుకోవాలి. ఆ ప్లాస్టరు కొండకింద సొరంగం ఉంది. అది గోడలోకి దూరి, లోపల రెండుగా చీలుతుంది. ఒక దారి చుట్టు తిరిగి మళ్ళీ రైళ్ళగదిలోకే వస్తుంది. రెండోది గోడ దాటి, క్లినిక్కులో పేషెంటు కుర్చీ పక్కనున్న చిన్న బల్లమీదికి వస్తుంది. ఒకప్పుడు దూదీ మందుసీసాలూ డాక్టరు చేతికి గూడ్సుబండిమీదే అందేవి. పోయినేడు ఒక పెద్దాయన కట్టుడుపళ్ళు తెస్తున్న బండికి వేగం ఎక్కువై, పళ్ళ సెట్టు కాస్తా వెళ్ళి ఆయన ఒళ్ళో పడింది. తన ఒళ్ళోంచి తననే చూసి నవ్వుతున్న పళ్ళను చూసి ఆయన పెట్టిన కేకకి వీధి చివర కుక్కలు కూడా లేచాయి. మర్నాడే డాక్టరు భార్య క్లినిక్కు వైపు ఆ కంతకి 'పళ్ళు తోముకొను విధానము' అన్న బొమ్మల కాగితం అడ్డంగా అంటించేసింది. లోపలి పట్టాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. వేసిన లైను పీకడానికి జడ్జిగారికి చేతులు రాలేదు.

ఇక పన్ను సంగతి. పెద్దమేడం అంటే డాక్టరు భార్య పనిచేసే బడికి హెడ్మిస్ట్రెస్. ఆవిడ ముందుపన్ను ఎలా విరిగిందో బడంతటికీ తెలుసు, పైకి అనే గుండె ఎవరికీ లేదు. క్లాసులో ఎవడి దగ్గరో లాక్కున్న రాయిలాంటి చాక్లెట్టును, గదిలో తలుపేసుకుని ఆవిడే కొరికారు. డాక్టరు మిగిలిన మొద్దును అరగదీసి, దానికి తొడగడానికి పింగాణీ తొడుగు చేయించాడు. అది చూసి ఆవిడ, "డాక్టరుగారూ, ఇది పన్నా, టీకప్పా?" అని తిప్పి పంపేశారు. ఆవిడ పళ్ళది ఒక తీరు రంగు. ఏళ్ళ తరబడి తాగిన టీ, పీల్చిన సుద్దపొడి కలిసి తేలిన రంగు. తొడుగులు చేసేవాళ్ళ రంగుల పట్టీలో అలాంటిది లేదు. రెండో తొడుగు నిన్ననే వచ్చింది.

ఇంట్లో మంచి దీపం, మంచి భూతద్దం ఉన్నది రైళ్ళగదిలోనే. అందుకని డాక్టరు కాఫీ తాగగానే తొడుగును అక్కడికి తీసుకెళ్ళి, డబ్బీలోంచి తీసి దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. మళ్ళీ తెలుపే. మొదటిది టీకప్పయితే ఇది సాసరు. "హడావుడిలో ఉంటారు, గమనించరులే," అని తనకు తానే చెప్పుకున్నాడు గానీ, పెద్దమేడం గమనించని విషయం ఈ లోకంలో ఉంటుందని ఆయనకే నమ్మకం లేదు.

"ఏమండీ! మేడం వచ్చేశారు!" అని భార్య కేక వినబడింది.

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. తొడుగు బల్లమీద పెడితే దొర్లి పట్టాల సందులోకి పోతుంది. పక్కనే గూడ్సుబండి నిలబడి ఉంది. పైన మూత లేని పెట్టె, నాలుగువైపులా అంచులు. రైళ్ళ పిచ్చోడి కంటికి అంతకంటే భద్రమైన చోటు ఇంకెక్కడ కనబడుతుంది? తొడుగును పెట్టెలో పెట్టి, ఖాళీ డబ్బీ జేబులో వేసుకుని, "నమస్కారం పెట్టి వచ్చి తీసుకుంటా" అనుకుని పరుగెత్తాడు.

నమస్కారంతో వదిలే మనిషా ఆవిడ? అప్పటికే కుర్చీలో కూర్చుని నోరు తెరిచి సిద్ధంగా ఉన్నారు. పక్కన భార్య నిలబడి ఉంది. డాక్టరుకి కదిలే దారి లేక, డబ్బీ బల్లమీద పెట్టి పని మొదలుపెట్టాడు. తాత్కాలికంగా పెట్టిన పన్ను ఊడదీయాలి, మొద్దును శుభ్రం చేయాలి. అయ్యాక వెళ్ళి తెచ్చుకోవచ్చు, ఎంతసేపు గనక.

సరిగ్గా అప్పుడే జడ్జిగారు రైళ్ళగదిలోకి వచ్చారు. బండ్లన్నీ ఓసారి చూసుకుంటూ గూడ్సు దగ్గర ఆగారు. పెట్టెలో తెల్లటి రాయి! పోయిన ఆదివారమే మామా అల్లుళ్ళు వాదించుకున్నారు. కొండ పక్కన రాళ్ళ క్వారీ పెట్టాలని అల్లుడు, పెడితే రాళ్ళు నిజంలా ఉండాలని మామ. "మొదలుపెట్టేశాడన్నమాట," అనుకుని జడ్జిగారు మురిసిపోయారు. రాయిని భూతద్దం కింద చూశాక ఆ మురిపెం కాస్తా పోయింది. "ఇంత తెల్లరాయి ఏ కొండలో పుడుతుందయ్యా!" అని విసుక్కుని కుంచె అందుకున్నారు.

అడుగున కాస్త ముదురు గోధుమరంగు. పైకి పోయేకొద్దీ వెలిసిన పసుపు. అంచున పొగచూరినట్టు ఒక నీడ. పక్కన వెంట్రుకంత బీట. ఆయన పని పూర్తయ్యేసరికి ఆ రాయి ఎండకి ఎండి వానకి తడిసిన రాయిలా తయారైంది. ఒక్క రాయితో గూడ్సుబండి నిజంలా ఉంటుందా మరి? ప్లాస్టరు ముక్కలు పగలగొట్టి, అదే సైజులో, అదే రంగులో పెట్టెకొకటి చొప్పున చేశారు. అన్నిటినీ కాగితంమీద ఆరబెట్టి, చేతికందినదాన్ని అందినట్టు మైనంతో పెట్టెల్లో నిలబెట్టారు. ఇంత చేశాక ఒక్క చుట్టు తిప్పి చూసుకోకపోతే మనసు ఊరుకుంటుందా? కూత వెయ్యకుండా, బుద్ధిగా, బండి వదిలారు.

క్లినిక్కులో డాక్టరు పని ముగించి, పెద్దమేడం నోట్లో దూది కుక్కి, "రెండు నిమిషాలు మేడం, తొడుగు తెస్తాను," అన్నాడు.

"ఎక్కడికండీ? డబ్బీ ఇక్కడే ఉందిగా!" అంటూ భార్య డబ్బీ తెరిచింది. ఖాళీ.

భార్య డబ్బీలోకి చూసింది. తర్వాత మొగుడి మొహంలోకి చూసింది. డాక్టరు తేలుకుట్టిన దొంగలా అక్కణ్ణించి జారుకున్నాడు.

"మామయ్యగారూ! గూడ్సుబండేదీ?"

జడ్జిగారు గడియారం చూసుకున్నారు. "ఇప్పుడే సొరంగంలోకి పోయింది. టైముకే."

"ఇవాళ నడపొద్దంది కదా!"

"కూత వద్దంది. వెయ్యలేదు."

"అది కాదండీ, ఆ పెట్టెలో తెల్లగా ఒకటి..."

"చూశానయ్యా. బాగుంది గానీ, మరీ తెలుపు. సరిచేశాను."

"స... సరిచేశారా?"

"దానొక్కదాన్నేనా? పెట్టెకొకటి చేసి అన్నిటికీ ఒకే రంగు కొట్టాను. ఇప్పుడు నువ్వు చేసిందేదో నేను చేసిందేదో ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెప్పలేడు," అని జడ్జిగారు గర్వంగా నవ్వారు.

డాక్టరు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. "మామయ్యగారూ, అది రాయి కాదు. పెద్దమేడం గారి పన్ను."

జడ్జిగారి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "నాకెవరూ చెప్పలేదే," అన్నారు ముందు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయికి తెలుసా?" అన్నారు.

ఇద్దరూ సొరంగం రెండో నోటికేసి చూస్తూ నిలబడ్డారు. బండి రాలేదు. లోపల ఇంజను రొదపెడుతోంది, చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్న చప్పుడు. బండి మాత్రం రాలేదు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే.

"ఒక రాయి కాస్త ఎత్తుగా వచ్చింది," అన్నారు జడ్జిగారు నేలచూపులు చూస్తూ. "సొరంగం కప్పుకి తగులుకుని ఉంటుంది."

డాక్టరు మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. అందలేదు. రెండోవైపు నుంచి దూర్చాడు. అటూ అందలేదు. ఈ గాభరాలో మామా అల్లుళ్ళిద్దరూ ఒక విషయం మరిచిపోయారు. ఆ సొరంగంలో ఇటు మాట్లాడితే అటు వినబడుతుంది. అటువైపు, పళ్ళు తోముకునే బొమ్మల కాగితం వెనకనుంచి, సరిగ్గా పెద్దమేడం చెవి దగ్గర.

"చెయ్యి పోవడం లేదు. లోపల గట్టిగా ఇరుక్కుపోయింది!" అంది గోడ.

పెద్దమేడం కళ్ళు పెద్దవి చేసి డాక్టరు భార్యను చూశారు.

"వేరే... వేరే పేషెంటండీ," అంది ఆవిడ. "వెనక గదిలో ఉన్నారు. పెద్దాయన."

"సుత్తి తెస్తాను. పగలగొట్టేద్దాం," అంది గోడ.

పెద్దమేడం రెండు చేతులా కుర్చీ పట్టుకున్నారు.

"పగలగొట్టడానికి వీల్లేదు! దాన్ని కట్టడానికి నాకు ఒక వేసవంతా పట్టింది!"

"అది పోతే పోయింది. ఇవాళ ఇది బయటికి రాకపోతే మన బతుకే లేదు. తప్పుకోండి!"

"తొందరపడకయ్యా. సుత్తితో కొడితే పెచ్చులూడి లోపలది పగిలితే? వెనకనుంచి ఇంజను పెట్టి తోద్దాం."

పెద్దమేడం నోట్లో దూది తీసేశారు. "ఇంజనా?"

"కొత్త మిషనండీ," అంది డాక్టరు భార్య. "ఈమధ్యనే వచ్చింది."

"తోస్తే మాత్రం పగలదని ఏమిటి మామయ్యగారూ?"

"పగిలితే మైనం పెట్టి అతికించి, పైన రంగు కొడతాను. ఎవడికీ తెలియదు."

పెద్దమేడం మెడకి కట్టిన గుడ్డ లాగేసి లేచి నిలబడ్డారు. "అమ్మా, నేను ఇలాగే వెళతాను. నోరు మూసుకునే ఉపన్యాసం ఇస్తాను. నీ మొగుడికి ఒక దండమని చెప్పు."

"కూర్చోండి మేడం!"

ఆ అరుపు ఎక్కణ్ణించి వచ్చిందో డాక్టరు భార్యకే తెలియదు. బడిలో చేరిన రోజునుంచీ ఆవిడ ముందు గొంతెత్తి ఎరగదు. పెద్దమేడం ఉన్నపళాన కూర్చున్నారు. ఆవిడ మీద అరిచినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరేమో, ఏం చేయాలో తోచలేదు. రైళ్ళగది సంగతి దేవుడెరుగు, డాక్టరు భార్యకి తన ఉద్యోగం ఉంటుందా అన్న బెంగ మొదలైంది.

రైళ్ళగదిలో డాక్టరు సుత్తి కింద పెట్టాడు. కొండమీద జాలితో కాదు, మామగారి మాటలో నిజం ఉంది గనక. బలమైన ఇంజనొకటి తెచ్చి సొరంగం మూతి దగ్గర పట్టాలమీద పెట్టాడు. పెడుతూ వంగినప్పుడు ఆయన తెల్లకోటు చేయి బల్ల అంచున ఉన్న చిన్న కర్రకి తగిలి, దాన్ని ఇటునుంచి అటు తిప్పేసింది. లోపల చీలిక దగ్గర బండి ఏ దారిన పోవాలో చెప్పే కర్ర అది. ఆ తిరగడం ఇద్దరిలో ఒక్కరు కూడా చూడలేదు.

"నెమ్మదిగా," అన్నారు జడ్జిగారు. "ఇంకాస్త. ఇంకాస్త..."

లోపల ఏదో టప్పున వదిలింది. రెండు ఇంజన్ల రొద కలిసి హోరుమంది. "కదిలింది! కదిలింది!" అని డాక్టరు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"అల్లుడూ," అన్నారు జడ్జిగారు నీరసంగా, "ఆ కర్ర ఎవరు తిప్పారు?"

క్లినిక్కులో 'పళ్ళు తోముకొను విధానము' కాగితం మధ్యలో ఉబ్బింది. బొమ్మలో నవ్వుతున్న నోరు ఇంకా పెద్దగా నవ్వినట్టయింది. తర్వాత ఆ నోరు చర్రున చిరిగి, అందులోంచి గూడ్సుబండి బయటికొచ్చింది. ముందు ఒక ఇంజను, వెనక పెట్టెలు, పెట్టెకొక మట్టిరంగు రాయి, చివర తోస్తున్న ఇంకో ఇంజను. అంతా ఊరేగింపుగా వచ్చి, పెద్దమేడం మోచేతి పక్కన బల్ల చివర కొయ్యకి తగిలి ఆగాయి. బండి స్టేషను చేరితే కూత వేయడం జడ్జిగారికి ఏళ్ళనాటి అలవాటు. గోడ అవతల చెయ్యి దానంతటదే మీట నొక్కింది.

కూఁ... అంది బండి.

డాక్టరు భార్య కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి మొగుడూ తండ్రీ గుమ్మంలో నిలబడి ఉన్నారు. డాక్టరు పళ్ళు తట్టి చూసే సన్నటి ఇనపపుల్ల తీసుకుని, బండి పక్కన మోకాళ్ళమీద కూర్చుని, మొదటి రాయిమీద తట్టాడు. ఠప్. ప్లాస్టరు. రెండోదానిమీద తట్టాడు. ఠప్. మూడోది ఠప్. నాలుగోది ఠప్. పెద్దమేడం కూడా ముందుకు వంగి వింటున్నారు. చివరికి రెండే పెట్టెలు మిగిలాయి. ఒకదాన్ని తట్టాడు. ఠప్. మిగిలినదాంట్లోనూ లేకపోతే సొరంగంలో పడిపోయిందనే అర్థం. ఆఖరిదాన్ని తట్టాడు.

టింగ్.

"దొరికింది," అంటూ డాక్టరు దాన్ని మైనంలోంచి ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

భార్య దగ్గరికి వచ్చి చూసింది. "అదా పన్ను?"

"పన్నే."

"ఏమైంది దానికి?"

"వయసొచ్చింది తల్లీ," అన్నారు జడ్జిగారు.

"వడ్రంగికి ఫోను చేస్తాను," అంది ఆవిడ నెమ్మదిగా. అరిచినా బాగుండేదనిపించింది డాక్టరుకి. ఆయన బల్లమీద ఆగిన బండిని చూశాడు. ముందున్న ఇంజను ఆయన మొట్టమొదట కొన్నది. పెళ్ళికొడుకుగా ఉన్నప్పుడు కొన్నది. "క్షమించండి మేడం," అన్నాడు. "రంగంతా స్పిరిటుతో కడిగేస్తాను. మళ్ళీ తెల్లగా అయిపోతుంది." దూది తడిపి పన్ను దగ్గరికి తీసుకెళ్ళాడు.

పెద్దమేడం ఆయన మణికట్టు పట్టుకున్నారు. "ఆగండి. అద్దం ఇటివ్వండి."

ఆవిడ తొడుగును రెండు వేళ్ళతో పట్టుకుని, కిటికీ వైపు తిరిగి, పక్కపళ్ళకి ఆనించి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. అటు తిరిగి చూసుకున్నారు, ఇటు తిరిగి చూసుకున్నారు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసుకున్నారు. డాక్టరు భార్య మనసులో రాజీనామా ఉత్తరం మొదటి వాక్యం దాకా వచ్చేసింది.

"ఎవరు వేశారీ రంగు?"

జీవితమంతా ముద్దాయిలను నిలబెట్టిన మనిషి, జడ్జిగారు, తానే ఒకడుగు ముందుకేసి నిలబడ్డారు. "నేనేనండీ. ఒప్పుకుంటున్నాను. కావాలని చేసింది కాదు. రాయి అనుకున్నాను."

"పక్కన ఈ సన్నగీత ఏమిటి?"

"బీట. రాయన్నాక బీట ఉంటుంది కదండీ."

"నా పక్కపన్నుకి కూడా ఇక్కడే ఉంది," అన్నారు పెద్దమేడం. "డాక్టరుగారూ, మీరు తెల్లటి పన్ను తెస్తారనీ, అది పెట్టుకుని వేదికెక్కాలనీ నిన్నటినుంచి నాకు నిద్ర లేదు. నేను నవ్వితే పిల్లలు నన్ను చూడరు, ఆ పన్నును చూస్తారు. అందంగా ఉండాలని నేను అడగలేదండీ. నాలా ఉండాలని అడిగాను." అద్దం కింద పెట్టారు. "ఇది నా పన్ను. కడిగారంటే ఊరుకోను."

ముందు తేరుకున్నది డాక్టరే. "రంగు పింగాణీదే మేడం, నోటికి పనికొచ్చేదే. మైనం తీసేసి చిన్న పొయ్యిలో కాలిస్తే ఇక చెరగదు," అంటూ ఒక్క ఉదుటున లేచాడు. పొయ్యి వేడెక్కుతున్నంతసేపూ పెద్దమేడం వేలితో గూడ్సుబండిని ముందుకీ వెనక్కీ తోస్తూ కూర్చున్నారు. వెళ్ళేముందు వెనకగది గుమ్మం దగ్గర ఆగి తొంగి చూశారు. "ఆ పెద్దాయన ఏరీ? ఇంజను పెట్టి తోశారే, ఆయన?" అని అడిగారు.

"నేనేనండీ," అన్నారు జడ్జిగారు. ఆవిడ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి వెళ్ళిపోయారు.

పన్ను గట్టెక్కింది. అయినా భార్య మనసు మార్చుకుందని ఎవరూ చెప్పలేదు గదా. కూత వినబడింది, కాగితం చిరిగింది, పైఅధికారి కుర్చీలోంచి లేచి వెళ్ళబోయింది. తీర్పు తీర్పే. సాయంత్రం దాకా మామా అల్లుళ్ళు రైళ్ళగదిలో రోగి మంచం పక్కన చుట్టాల్లా కూర్చున్నారు. జడ్జిగారు ప్రతి ఇంజనునీ తీసి, తుడిచి, యథాస్థానంలో పెట్టారు. వీధి తలుపు చప్పుడైంది. భార్య వచ్చింది. వెనకాల వడ్రంగి, చేతిలో సుత్తి.

"ఇదిగో, ఈ గోడేనయ్యా," అంది ఆవిడ కొండ పక్కకి చూపిస్తూ.

డాక్టరు తల దించుకున్నాడు. జడ్జిగారు కొండకి అడ్డంగా నిలబడ్డారు.

"జరుగు నాన్నా, కొలవనీ. ఇక్కడ నీకొక బల్ల, పైన రంగులకి అరలు. మంచి దీపం ఇంకొకటి." ఆవిడ సంచీ కింద పెట్టింది. "మేడం వేదికమీదే చెప్పేశారు, ఇంత అచ్చంగా పన్ను చేసేవాళ్ళు ఇంకెక్కడా లేరని. ఇద్దరు టీచర్లు, వేడుకకి వచ్చిన పెద్దావిడ, ఫోటో తీసినాయన, అందరికీ వాళ్ళ పళ్ళు వాళ్ళ పళ్ళలా కావాలట. రేపు పొద్దున్నే వస్తున్నారు."

"మరి ఎక్స్‌రే?" అన్నాడు డాక్టరు, నమ్మలేక.

"నాన్న చట్టాల పుస్తకాల గదిలో పెట్టిస్తాను. అవి ఇప్పుడెవరు చదువుతున్నారు గనక!"

జడ్జిగారు అప్పీలు చేసుకోలేదు.

అలా ఆ రైల్వే బతికిపోయింది. కొండ, సొరంగం, స్టేషను అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. తెల్లటి పళ్ళు పట్టుకుని ఎక్కడెక్కడి జనమో వస్తున్నారు. జడ్జిగారు పొద్దున కుంచె పట్టుకుంటే చీకటి పడేదాకా దించడం లేదు; డాక్టరు పొయ్యి దగ్గరనుంచి కదలడం లేదు. సిగ్నలు ఇచ్చేవాళ్ళు లేక పాసింజరు ప్లాట్‌ఫారం మీద గంటలకొద్దీ నిలబడుతోంది. దాని వెనక ఎక్స్‌ప్రెస్సు, ఎక్స్‌ప్రెస్సు వెనక గూడ్సు.

"అమ్మాయ్," అన్నారు జడ్జిగారు ఒకరోజు, ఎవరిదో దవడపన్నుకి నీడ దిద్దుతూ, ఏడుపు గొంతుతో. "పొద్దున పోవాల్సిన బండి ఇంకా ఇక్కడే ఉంది. దాని వెనకవన్నీ ఆగిపోయాయి. ఎప్పుడు కదులుతాయో చెప్పేవాడు లేడు. ఇదేం రైల్వే తల్లీ?"

కూతురు వచ్చే వారం పేషెంట్లకి టైములు ఇస్తూ తలెత్తలేదు.

"ఇప్పుడు అచ్చం నిజంలా ఉంది నాన్నా."